తాడు పట్టిన చేతులు

సముద్రపక్షుల గుడ్ల కోసం కొండచరియ దిగే ముందు హైని నడుముకు తాడు ముడి వేసుకుని, మూడుసార్లు గుంజి చూసుకున్నాడు. రెండో కొస ట్రోందుర్ మీదికి విసిరాడు.

"పట్టుకోరా, మా తమ్ముణ్ణి చంపినోడా! ఈసారైనా జారనీకు."

పంతొమ్మిదేళ్లుగా ప్రతి వసంతంలోనూ ఇదే మాట. ట్రోందుర్ చేతుల్లోంచి తాడు జారి హైని తమ్ముడు సముద్రం పాలయ్యాడని ఆ ఫారో దీవి అంతా అంటుంది. అప్పట్నుంచి చర్చిలో ట్రోందుర్ కూర్చునే బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు. తాడు మేం పడతామని ఎవరొచ్చినా హైని ఒప్పుకోడు. చంపిన చేతులే ఏటా తాడు పట్టాలి. అదీ హైని వేసిన శిక్ష.

ట్రోందుర్ ఎప్పటిలాగే తాడు నడుం చుట్టూ తిప్పుకుని, గడ్డిలో మడమలు తన్నిపెట్టి కూర్చున్నాడు.

పది బారలు దిగాక హైని పైకి అరిచాడు.

"ఏంట్రా, చేతులు వణుకుతున్నాయా?"

"లేదు. ఆరోజూ వణకలేదు," అన్నాడు ట్రోందుర్ పైనుంచి. "తాడు నా చేతిలోనే ఉంది హైనీ. లాగితే ముడి ఊడిన కొస ఉత్తిదే వచ్చింది. మీ తమ్ముడి నడుముకు ముడి వేసింది నువ్వు."

హైని కాలికి రాయి అందలేదు. గాలిలో గిర్రున తిరిగాడు.

"మరి... ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదురా?"

"చెప్తే నా కసి ఒక్కరోజులో తీరిపోయేది. నీ అంతట నువ్వే ఏటా వచ్చి నా చేతికి వేలాడుతుంటే, నాకేం తొందర?"

అని, తాడు జానెడు వదిలాడు.