మూడు తెల్ల డబ్బాలు

రాయిస్ కత్తి తీసి మొదటి డబ్బా తాడు కోశాడు.

పాలు పోసుకునే తెల్ల ప్లాస్టిక్ డబ్బా. నీళ్ల మీద దొర్లుకుంటూ గాలివాటున పోయింది.

"దీనమ్మ, వాలుగ చేపలోళ్లు," అన్నాడు. "బాస్ చేపలు తిరిగే చోటే వీళ్లు గాలాల డబ్బాలు కట్టాలి. పెద్ద చేప పడ్డాక దారం పోయి వీటికి చుట్టుకుంటే ఇంకేముంది."

మార్చి మొదటి వారం. అలబామాలోని ఆ జలాశయానికి చలికాలమంతా నీళ్లు దించి ఉంచుతారు. ఎండ కాస్త తగలగానే పెద్దనోటి బాస్ ఆడచేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డు పక్కకి వస్తాయి. బరువైన చేప పడేది ఆ రెండు వారాలే.

ఆ రోజు బాస్ చేపల పోటీ, ఎక్కువ బరువు తెచ్చినవాళ్లదే గెలుపు. నూట ఇరవై పడవలు. ఆరేళ్లుగా ఓడిపోతున్న అన్నదమ్ములు రాయిస్, కోల్బీ. ఈసారీ ఓడితే మళ్లీ గాలం ముట్టనని రాయిస్ పెళ్లాం ముందు ఒట్టేసి వచ్చాడు.

అన్నేళ్లు ఓడినవాడికి నీళ్ల మీద తేలేదల్లా శత్రువే.

కోల్బీ రెండో డబ్బా పట్టుకుని చూశాడు.

"అన్నా, దీని మీద రేమండ్ కోట్స్ అని రాసుంది. ఇందాకటి దాని మీద క్లింట్ మాబ్రీ. చేతిరాత కూడా వేరు."

గాలం కట్టిన డబ్బా మీద సొంతదారు పేరుండాలని అక్కడి రూలు.

"ఒక్కడే ముగ్గురి పేర్లు పెట్టి ఏమారుస్తున్నాడ్రా. కొయ్యి."

"లాగితే రావట్లేదన్నా. కింద దేనికో కట్టినట్టుంది."

"కొయ్యమన్నానా."

కోల్బీ కోశాడు. తాడు చివర గాలం ఉందా లేదా అని ఇద్దరూ చూడలేదు.

మూడోది కోయబోతుండగా రేకు పడవ వేసుకుని ఒక ముసలాయన గబగబా వచ్చాడు.

"ఆగండి బాబూ. అవి చేపలకి కట్టినవి కాదు. వాటి కింద..."

రాయిస్ తెడ్డు దవడ మీద పడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది.

ముసలాయన పడవలోనే కూలబడ్డాడు. నోట్లోంచి రక్తం, రక్తంలో రెండు పళ్లు. మాట రాలేదు. ఎడం అరచెయ్యి నిలబెట్టి, కుడి పిడికిలి దూరం నుంచి తెచ్చి దాన్ని గుద్దాడు. మళ్లీ గుద్దాడు.

"చూశావా, మనల్ని కొడతాడంట," అని నవ్వి, రాయిస్ రెండో దెబ్బ భుజం మీద వేశాడు.

"చాల్లే అన్నా. చచ్చిపోతాడు."

"చావడు. వీళ్ల తోలు మందం."

మూడో డబ్బా కూడా కోసి, ఇంజను వేసుకుని పైవాగులోకి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాలుందనగా కోల్బీ గాలానికి పెద్ద చేప పడింది. నీళ్లు చీల్చుకుని పైకి లేచి, దవడలు విదిలించి, పడవ అంచుకి తల బాదుకుంది. రాయిస్ దాని కింది పెదవిలో బొటనవేలు దూర్చి లోపలికి గుంజాడు. పది పౌండ్ల పైమాటే.

"గెలిచాం రా," అన్నాడు.

చేపని పడవలోని నీళ్ల తొట్టిలో వేశారు. తూకం మూడింటికి. ఆ తర్వాత ప్రతి నిమిషానికీ ఒక పౌండు కోత.

"చుట్టూ తిరిగితే పన్నెండు నిమిషాలు. పొద్దుట డబ్బాలు కోసిన మలుపు మీంచి అడ్డంగా కొడితే నాలుగే," అన్నాడు రాయిస్. "జూలైలో పోయిన దారేగా. జీపీఎస్ తెర మీద మన గీత ఇంకా ఉంది చూడు."

జూలైలో అక్కడ ఆరడుగుల నీళ్లు ఎక్కువ. ఆ సంగతి తెర చెప్పదు.

మలుపు దగ్గర రేకు పడవ ఇంకా ఉంది. ముసలాయన దవడకి చొక్కా చింపి కట్టుకున్నాడు. వాళ్లని చూడగానే లేచి నిలబడి, చేతిలో తెల్ల డబ్బా తల మీదికెత్తి ఊపసాగాడు.

"ఆస్పత్రికి పోకుండా పొద్దుట్నుంచీ ఇక్కడే కూర్చున్నాడే వీడు," అన్నాడు రాయిస్.

"ఏదో చెప్తున్నాడన్నా. నెమ్మదిగా పో."

"ఆగితే పోలీసుల్ని పిలుస్తాడు. మూడవుతుంది. కూర్చో."

వేగం పెంచాడు.

డ్యామ్ కట్టినప్పుడు నరికి వదిలేసిన ఓక్ చెట్టు మొద్దు, నీళ్లకి జానెడు కింద ఉంది. పడవ ముందుభాగం రెండుగా చీలింది. కోల్బీ గాల్లోకి లేచి, ఇంకో మొద్దు మీద తలకిందులుగా పడ్డాడు. మళ్లీ కదల్లేదు.

రాయిస్ కాలు విరిగి మునిగిపోతుంటే ఎవరో మెడపట్టి పైకి లాగారు. అతని మొహం మీద వెచ్చగా రక్తం పడింది. అది అతనిది కాదు.

తొట్టి పగిలి చేప తన దారిన పోయింది.

ఏప్రిల్ చివర్లో రాయిస్ చంకకర్రల మీద ఒడ్డున ఉన్న ఎరల కొట్టుకి వచ్చాడు. బల్ల వెనక కొట్టామె బెర్నిస్ ఉంది.

"ఆ పెద్దాయన ఎక్కడుంటాడమ్మా?"

"మాబ్రీయా? దవడకి తీగలు బిగించారు. ఇంకా మాట్లాడలేడు. నువ్వొస్తే ఇవ్వమని కాగితం మీద రాసి చూపించాడు."

బల్ల కింద నుంచి కొత్త తెల్ల డబ్బా, నల్లరంగు, బ్రష్ తీసి పెట్టింది.

"వీటితో నేనేం చెయ్యను?"

"ఎవరు ఏ మొద్దుకి కొట్టుకుని చనిపోతే ఆ మొద్దుకి వాళ్ల పేరు మీద డబ్బా కడతాడు. దాన్ని చూసి పడవలు పక్కకి పోతాయని. నీళ్లు దించిన ప్రతిసారీ కడతాడు, ఎవడో ఒకడు కోస్తాడు. కోసినప్పుడల్లా ఒక పేరు పెరుగుతుంది."

రాయిస్ డబ్బాని ఆమె వైపు నెట్టాడు.

"ఆయన్నే రాయమను. నాకు చెయ్యి ఆడదు."

"రాయడు. పోయినవాళ్ల పేరు సొంతవాళ్లే రాయాలంటాడు," అంది బెర్నిస్. "క్లింట్ పేరు ఆయనే రాసుకున్నాడు, కొడుకు కదా."