యాభై మంది శ్రోతలు

రిజిస్ట్రారు ఉత్తరంలో ఉన్నవి రెండే ముక్కలు. శనివారం కచేరీకి యాభై మంది రాకపోతే సెమినార్ హాలు టేబుల్ టెన్నిస్ వాళ్ళకు ఇచ్చేస్తారు. సంగీత సభ వేరే చోటు చూసుకోవాలి.

ఆ పూట కాంక్రీటు మాస్టారికి అన్నం సయించలేదు. యూనివర్సిటీలో ఆయన చెప్పేది కాంక్రీటు పాఠమే అయినా ప్రాణమంతా శాస్త్రీయ సంగీతం మీదే. సభ పెట్టింది ఆయన, దానికి కార్యదర్శి ఆయన, చివరికి తివాచీ పరిచేదీ ఆయనే. ఆరేళ్ళుగా నెలనెలా కచేరీ జరగాల్సిందే.

మొదటి కచేరీకి ఎనభై మంది వచ్చారు. గాయకుడు కళ్ళు మూసుకుని రాగం అందుకున్నాడు. తెరిచేసరికి పదకొండు మంది మిగిలారు. పోయిన నెల వచ్చింది నలుగురు. అందులో ఒకడు మైకు మనిషి, అతనికి లేచి వెళ్ళే వీల్లేదు.

"వీళ్ళకి పీహెచ్‌డీలున్నాయి గానీ చెవుల్లేవు" అన్నారు మాస్టారు భార్యతో.

"ఉన్నాయండీ. అదే వచ్చిన చిక్కు" అంది ఆవిడ, ఇస్త్రీ ఆపకుండానే.

ఆవిడకు సంగీతం పట్టదని మాస్టారు ఎప్పుడో తేల్చేసుకున్నారు.

సోమవారం నుంచి గడపగడపా తొక్కారు. స్టాటిస్టిక్స్ లెక్చరర్ తన అత్తగారు వస్తున్నారన్నాడు. ఆరేళ్ళుగా ఆ అత్తగారు సరిగ్గా కచేరీ రోజే వస్తున్నారు. లైబ్రేరియన్ పన్ను పీకించుకోవాలన్నాడు. మాస్టారి లెక్క ప్రకారం ఆయన నోట్లో ఈపాటికి ఒక్క పన్ను కూడా మిగిలి ఉండకూడదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది వ్యవహారం. అయినా మాస్టారు వదల్లేదు. మెట్ల మీద, లిఫ్టులో, బండ్లు పెట్టుకునే చోట, దొరికినవాణ్ణి దొరికినట్టు నిలబెట్టి సంగీతం గొప్పతనం చెప్పారు. బతిమాలారు, కసిరారు. గురువారానికల్లా గొంతు మూగబోయింది. పది రోజులు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు.

ఆ కబురు మధ్యాహ్నానికే క్యాంపస్ అంతా పాకింది. కచేరీకి ముందు మాస్టారు దంచే ముప్పావు గంట స్వాగతోపన్యాసం కూడా ఈసారి లేదట అని ఫోన్లు చేసి మరీ చెప్పుకున్నారు.

శనివారం హాలు కిక్కిరిసిపోయింది. పక్క గదిలోంచి కుర్చీలు మోయాల్సి వచ్చింది. లైబ్రేరియన్ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ వచ్చాడు. లెక్చరర్ అత్తగారు నిజంగానే ఉన్నారు, ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు. తలలు లెక్కపెడుతున్న రిజిస్ట్రారు యాభై దాటాక మానేసి తనూ ఓ కుర్చీ లాక్కున్నాడు.

సభలో మృదంగం వాయించే పెద్దాయన మేనకోడలు రెండున్నర గంటలు పాడింది. ఒక్కరూ లేవలేదు. మైకు మనిషి కూడా కళ్ళు తుడుచుకున్నాడు. మొదటి వరుసలో మాస్టారు తొడ మీద తాళం వేస్తూ పొంగిపోయారు. ఇన్నాళ్ళ చాకిరీ ఊరికే పోలేదు. జనానికి చెవులొచ్చాయి.

కచేరీ అవగానే కాగితం మీద గబగబా రాసి రిజిస్ట్రారుకు చూపించారు.

"చూశారా? లోపం సంగీతంలో లేదని మొదటినుంచీ మొత్తుకుంటున్నాను."

రిజిస్ట్రారు వెంటనే ఒప్పుకున్నాడు. ఆ సంగతి తనకు ఈ రోజే అర్థమైందన్నాడు. ఆ కాగితాన్నే తిరగేసి, అక్కడికక్కడే ఉత్తర్వు రాసి, సంతకం చేసి ఇచ్చాడు. మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"ఈ హాలు ఇకపై శాశ్వతంగా సంగీత సభదే, షరతు ఒక్కటే, ఆరేళ్ళుగా ప్రతి కచేరీలోనూ తానే పాడుతూ వచ్చిన కార్యదర్శి ఇకమీదట వేదిక ఎక్కరాదు."