బల్లి వద్దన్న రోజు

ఆ పెంకుటింటి గోడ మీది బల్లికి ఒక్కటే సంబరం. కింద ఎవరు ఏం మాట్లాడినా చివర తను పలికేది. వాళ్లు నేలమీద వేలితో తట్టి "సత్యం, సత్యం" అనేవాళ్లు. అబద్ధమని తెలిసినా సరే, పలకడం మాత్రం మానేది కాదు.

పెంకుల కింద ఓ గబ్బిలం పిల్లల్ని పెట్టింది. ఒకనాడు ఇంటామె రత్తమ్మ గోడవార నల్లటి రెట్టలు చూసి ఎలుకలనుకుంది. భర్త పోలయ్య పుల్లతో నలిపితే అవి పొడిపొడిగా రాలి, లోపల పురుగుల రెక్కలు మెరిశాయి.

"గబ్బిలమే. ఇంటికి అరిష్టం" అన్నాడు.

గబ్బిలం బల్లి దగ్గరికి పాకింది. "బల్లక్కా, నీ మాటంటే వాళ్లకి గురి. నా పిల్లలకి ఎగరడం వచ్చేదాకా ఆగమని చెప్పు. తర్వాత మేమే పోతాం."

"నేనున్నాగా" అంది బల్లి.

సాయంత్రం గబ్బిలం మేతకి వెళ్లగానే పోలయ్య సిమెంటు కలిపి నిచ్చెన వేశాడు. "అది పోయింది. కన్నం మూసేద్దాం" అన్నాడు.

"వద్దు! లోపల పిల్లలున్నాయి!" అని బల్లి గొంతు చించుకుంది. కిందికి మాత్రం రోజూ వినిపించే కిచకిచే వినిపించింది.

రత్తమ్మ నేల తట్టింది. "సత్యం, సత్యం. బల్లి కూడా మూసెయ్యమంటోంది."

రెండు రోజులు పెంకుల కింద సన్నటి కీచులు వినిపించాయి. తల్లి బయట సిమెంటుని గోళ్లతో గీకుతూనే ఉంది. మూడోనాటికి లోపల చప్పుడు ఆగిపోయింది.

"పీడ విరగడైంది" అంది రత్తమ్మ.

ఆ మాటకి బల్లి పలకలేదు. అయినా ఆమె నేల తట్టి, "సత్యం" అనుకుంది.