ఫోర్తునాతా చట్టం

“ఆ టోపీ తీసి కూర్చోండి మేడమ్! ఇది దేశం మొత్తానికి చట్టాలు చేసే సభ. మీ బంగాళాదుంపల సంత కాదు.”

రిటైర్డ్ కర్నల్ ఒలాచెయా ఆ మాట అనగానే వెనక వరసలు గొల్లుమన్నాయి.

ఫోర్తునాతా పరియోనా టోపీ తియ్యలేదు. కూర్చోనూ లేదు.

“సంతే నయం అధ్యక్షా! అక్కడ కుళ్లిన సరుకు అవతల పారేస్తాం. ఇక్కడ ముందు వరసలో కూర్చోబెడతారు.”

ఈసారి గ్యాలరీ నవ్వింది. కర్నల్ మొహం కందగడ్డ అయింది.

ఆమె నోటికి రాజధాని లిమాలో హేమాహేమీలు జడుస్తారు. ఆ నోరు కొండ ఊళ్ల సంతలో పదునెక్కింది. తూకంలో మోసం చేసిన దళారిని తక్కెడ తీసుకునే తరిమిన మనిషి ఆమె. కరువొచ్చిన ఏడాది ఆడవాళ్లని పోగేసి వాడవాడకీ ఉమ్మడి వంటశాల పెట్టించింది. ఆ పొయ్యిల దగ్గరి ఆడవాళ్లే ఆమెని మేయరుని చేశారు. వాళ్లే లిమాకి పంపారు. తన కొండజనం భాష కెచువాలో ప్రమాణం చేస్తుంటే కొందరు ముక్కు చిట్లించారు. వాళ్ల కోసమని రెండోసారి, ఇంకాస్త గట్టిగా చేసింది.

ఇప్పుడు ఆమె పట్టుకున్న బిల్లు ఒక్కటే. వాయ్యపాంపాలో జనాన్ని కాల్చిన సైనికుల్ని మామూలు కోర్టు బోనులో నిలబెట్టాలి.

గనివాళ్లు వాగు నీళ్లు మళ్లించుకున్నారని ఆ ఊరు ఊరంతా చౌకులో బైఠాయించింది. సైన్యం దిగింది. ఏడు శవాలు లేచాయి. మా వాళ్ల సంగతి మేమే చూసుకుంటాం అన్నారు పైఅధికారులు. మూడేళ్లయినా కాల్చినవాళ్లలో ఒక్కడి పేరూ బయటికి రాలేదు.

ఫోర్తునాతాది ఆ ఊరు కాదు. రెండు లోయల అవతల. ఒక్కడే కొడుకు, ఎలాదియో. చిన్నప్పుడే తండ్రి వెంట కోస్తాకి పోయాడు. కాల్పుల తర్వాత వాడి ఊసు ఎవరెత్తినా ఆమె ఒక్కటే మాట అనేది.

“ఆ రోజు వాడూ ఆ చౌకులోనే ఉన్నాడు.”

అని మొహం తిప్పుకునేది. ఇంకో ప్రశ్న వేసే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

కిందటి నవంబరులో, చనిపోయినవాళ్ల పండగనాడు, వాయ్యపాంపా శ్మశానానికి వెళ్లింది. తల్లులంతా సమాధుల మీద గుడ్డ పరిచి, పిల్లలకి ఇష్టమైనవి వడ్డిస్తున్నారు. ఈమె ఏ సమాధి దగ్గరా ఆగలేదు. ఊరికే తిరుగుతోంది.

ముసలి ఎమెతేరియా చెయ్యి పట్టి లాగింది.

“ఇలా రా తల్లీ. నీకు వెళ్లి కూర్చోడానికి సమాధైనా లేదు కదా. నా బిడ్డ సిప్రియానో దగ్గరే కూచో. వాడేమీ అనుకోడు.”

బిడ్డ ఆకారంలో కాల్చిన రొట్టెని సగానికి విరిచి ఆమె చేతిలో పెట్టింది.

“ఏడవ్వే. ఎందుకలా బిగబట్టుకుంటావ్? ఏడిస్తే కొంచెం తేలికవుతుంది.”

ఫోర్తునాతా లేచి బయటికి నడిచింది. శ్మశానం గోడని పిడికిలితో గుద్దింది. మళ్లీ గుద్దింది. వేళ్లు చితికి నెత్తురొచ్చాక ఆపింది. ఆ వారమే బిల్లు సభలో పెట్టింది.

“మేడమ్‌కి సైన్యమంటే ఎందుకింత పగ?” సభలో కర్నల్ ఇంకా వదల్లేదు. “ఆ కుర్రాళ్లు మాత్రం ఆకాశంలోంచి ఊడిపడ్డారా? వాళ్లూ ఒక తల్లి కన్నబిడ్డలే! ఆ తల్లుల కడుపుకోత గురించి ఒక్కనాడైనా ఆలోచించారా?”

ఫోర్తునాతా బల్ల అంచు పట్టుకుంది. గొంతు నిప్పులు కురిసింది.

“ఆ తల్లులకి సిగ్గూ శరం ఉంటే కొడుకుల్ని కొంగు చాటున దాచరు కర్నల్ గారూ! చెవి పట్టుకుని కోర్టుకి ఈడ్చుకొస్తారు! కాల్చమన్న మీబోటి పెద్దల్ని కూడా వాళ్ల పక్కనే నిలబెడతారు! ఓటింగ్ పెట్టండి అధ్యక్షా!”

బిల్లు అత్తెసరు ఓట్లతో గట్టెక్కింది. పత్రికలు దానికి ఆమె పేరే పెట్టాయి.

నెల తిరక్కుండా ప్రాసిక్యూటర్ వాయ్యపాంపా వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. బడి గదిలో బల్ల వేసుకుని కూర్చున్నాడు. బయట తల్లులు బారులు తీరారు. ఫోర్తునాతా అందరికంటే వెనక నిలబడింది. ఎమెతేరియా ఊరుకోలేదు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది.

“ముందు ఈ తల్లి గోడు విను బాబూ. ఈవిడే లేకపోతే మా మొహం చూసేవాడు లేడు.”

ప్రాసిక్యూటర్ తల వంచాడు.

“మీ అబ్బాయి పేరు చెప్పండమ్మా.”

“ఎలాదియో.”

“ఆ రోజు చౌకులో ఉన్నాడా?”

“ఉన్నాడు.”

అతను గొంతు తగ్గించాడు.

“క్షమించాలి, అడగక తప్పదు. తూటా ఎక్కడ తగిలింది?”

ఎమెతేరియా ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఫోర్తునాతా ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుంది. కాసేపు అలాగే పట్టుకుని, వదిలేసింది.

“ఈమె కొడుకు గుండెల్లో తగిలింది బాబూ,” అంది, “మావాడు పేల్చిన తూటా.”