పసుపు మరకలు

గున్నయ్య తడిగుడ్డతో బొమ్మ కింది అంచు తుడవబోతుంటే ఎవరో చెయ్యి పట్టుకున్నారు.

“తుడవొద్దు బాబూ.”

తిరిగి చూశాడు. మాసిన చొక్కా, పీక్కుపోయిన ముఖం, ముంజేతికి ఆసుపత్రి సూది ప్లాస్టరు. ఎవరో ముసలాయన.

“ముందు సెయ్యొగ్గు! రంగు కారిపోనాది, అగుపించట్లేదా?”

రాయగడ టౌన్‌హాల్లో వారం రోజుల బొమ్మల ప్రదర్శన. గున్నయ్య అక్కడ మున్సిపాలిటీ అటెండరు. ముప్పై బొమ్మల్లో ఈ ఆయిల్ పెయింటింగంటేనే అతనికి ఒళ్లుమంట. పేరుకి రాయగడ ఊరట! ఇళ్లన్నీ తాగినవాళ్లలా ఒరిగి ఉన్నాయి. ఆకాశం నెత్తుటి ఎరుపు, వీధులు కటిక నలుపు. అది చాలదన్నట్టు కింది అంచున రెండు పసుపు మరకలు, ఒకదాని మీద సన్నని తెల్లగీత.

“ఊరు ఇలాగుంటాదేటి?” అన్నాడు.

“వరదొచ్చిన దినం ఇలాగే ఉన్నాది బాబూ.”

“వరద గురించి నాకే సెప్తావా? ఆ వరదలోనే మా అమ్మి కొట్టుకుపోనాది.” గున్నయ్య గొంతు దానంతటదే మెత్తబడింది. “ఆరేళ్ల పిల్ల. ఎవుడో మారాజు మెడ మీదెట్టుకుని, పీకల్లోతు నీళ్లు దాటొచ్చి, బడి అరుగు మీద దించేసి మళ్లీ నీట్లోకెళిపోనాడు. పేరైనా సెప్పనేదు. పదేళ్లబట్టీ ఎతుకుతున్నాను. దొరికితే కాళ్లు కడిగి నెత్తిన జల్లుకుంటాను.”

ముసలాయన గోడ పట్టుకుని నిలబడ్డాడు.

“పాప... ఇప్పుడు?”

“ఇంటరు సదువుతోంది. నీకెందుకది?”

ఆయన కళ్లు నిండిపోయాయి. ఏదో చెప్పబోయాడు, దగ్గు అడ్డం పడింది.

తాగుబోతు ఏడుపు, అనుకున్నాడు గున్నయ్య.

“టైమైపోనాది. నడు, నడు.” భుజం పట్టి గుమ్మం దాటించి తలుపు వేసేశాడు.

నాలుగు రోజుల తర్వాత, ప్రదర్శన నడిపే సౌమ్యరంజన్ ఒక ఫొటో, బంతిపూల దండ తెచ్చి ఆ బొమ్మ కింద పెట్టాడు.

“ఈ బొమ్మ వేసినాయన, గున్నయ్య భాయ్. బొయిపరిగుడ అనే ఊరి మనిషి, వరదప్పుడు ఇక్కడికొచ్చి ఉన్నారంట. మొన్నీమధ్య ఆసుపత్రిలోంచి వచ్చి ఒక్కసారి చూసుకుని వెళ్లారంట. ఇవాళ పొద్దున్న పోయారు.”

ఫొటోలో ఉన్నది ఆ ముసలాయనే. గున్నయ్యకు తల కొట్టేసినట్టయింది. గీసినాయన్నే తను గీసిన బొమ్మ కళ్లారా చూసుకోనివ్వలేదే అని మధ్యాహ్నం దాకా కుమిలాడు.

కూతురు శ్రీదుర్గ అన్నం క్యారేజీ తెచ్చింది. బొమ్మ ముందు ఆగిపోయింది.

“నాన్నా, ఇయి కాళ్లు.”

“కాళ్లేటమ్మీ? రంగు మరకలవి.”

“కాదు నాన్నా. మెడ మీద కూకున్న పిల్ల కాళ్లు, పసుపు రాసినయి. మోసినోలి కంటికి కిందన ఇలాగే అగుపిస్తాయి కదా.”

గున్నయ్య దగ్గరకొచ్చి వంగి చూశాడు. ఆ తెల్లగీత వెండి పట్టీ. ఒక కాలికే ఉంది. రెండో కాలి పట్టీని ఆ వేళ ఏరు పట్టుకుపోయింది. మిగిలిన ఆ ఒంటి పట్టీ ఇంట్లో దేవుడి గూట్లో ఇప్పటికీ ఉంది.

ఎవరి కాళ్లు కడగాలని పదేళ్లుగా వెతుకుతున్నాడో, ఆ మనిషినే నాలుగు రోజుల కిందట తన చేత్తోనే గుమ్మం దాటించాడు.