తాయమ్మాళ్ చూపిన కాలువ

జేసీబీ తొండం రంగసామి టైలరు కొట్టు రేకుల మీదికి లేచింది. రంగసామి మిషనును కావలించుకుని గుమ్మంలోనే కూర్చున్నాడు.

“లెయ్యప్పా! కాలువ మీద కట్టుకుంటివి. మ్యాపులో ఉండాది చూడు” అన్నాడు మునిసిపాలిటీ ఇంజనీరు పాండియరాజన్.

రెండు రోజుల వానకే కోవిల్‌పట్టి పల్లపు వీధిలో మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి. తూర్పున మళ్ళీ నల్లబడుతోంది. పూడిపోయిన కాలువను తెరిస్తే తప్ప ఆ నీళ్ళు ఊరవతలి చెరువుకు చేరవు.

“ఆపండి సార్! కాలువ ఈడ లేదు.”

గడ్డపార ఈడ్చుకుంటూ నీళ్ళలో నడిచి వచ్చింది తాయమ్మాళ్. డెబ్బై ఏళ్ళుంటాయి.

“మ్యాపు అబద్దం చెప్తాదా అవ్వా?”

“మ్యాపును ఎందుకు, నేలను అడుగు” అని గడ్డపార అతని చేతికిచ్చింది.

పాండియరాజన్ నవ్వుతూనే కొట్టు మెట్టు పక్కన ఒక పోటు వేశాడు. ఖంగుమంది. ఇంకో రెండు చోట్ల వేశాడు. అంతటా బండే.

“ఇంత బండను తొలిచి ఎవరు సార్ కాలువ తవ్వేది?”

ఆమె కొట్టు వెనక, నీళ్ళు నిలవని మెరక మీదుగా ముందు నడిచింది. పది అడుగులకోసారి ఆగి, “ఈడ పొడువు” అంది. పొడిచిన ప్రతిచోటా గడ్డపార సగానికి దిగిపోయింది. లాగితే మొనకు ఇసుక, వెనకాలే బుడబుడమని నీళ్ళు. బతికిపోయిన రంగసామి మునిసిపాలిటీ వాళ్ళ సున్నం బస్తా మోస్తూ, ఆమె చూపినచోటల్లా గీత పోస్తూ వచ్చాడు.

పాండియరాజన్ మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నేలను ఇలా చదివిన మనిషిని అతను చూడలేదు. సార్ అని తననే పిలుస్తున్నా, ఆమె వెనక పనివాడిలా నడిచాడు.

గీత రెండు ఖాళీ స్థలాలు దాటి, తాళం వేసిన ఒక పెంకుటింటి ముందు ఆగింది. ఇంటి వెనక గోడ అవతల చెరువు తట్టు పల్లం కనిపిస్తోంది. రంగసామి సున్నం చల్లడం మానేసి తల దించుకున్నాడు.

“దీని కిందనే పోతాదా అవ్వా?”

“నడి ఇంట్లో పోతాది.”

పాండియరాజన్ నిట్టూర్చాడు. “ఇంటోళ్ళు ఒప్పుకోవద్దా? కోర్టుకు పోతే ఈ వానాకాలమంతా దీంట్లోనే అయిపోతాది.”

తాయమ్మాళ్ నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టింది.

“సామానంతా పొద్దున్నే ఎత్తేస్తిని సార్. కొట్టండి.”