ఎల్లిపాయ పోపు

హైదరాబాద్ ఇళ్లలో పోపు పెట్టకూడదన్న చట్టం వచ్చి చాలా కాలమైంది. వంటింట్లో పొగ లేస్తే గోడమీది యంత్రం మోగుతుంది. ఆ ఇంటికి గొట్టంలో వచ్చే శుభ్రమైన గాలి ఆగిపోతుంది. కిటికీ అవతల ఫ్లైఓవర్ మీద లారీలు మాత్రం పొగ చిమ్ముతూనే ఉంటాయి. వాటికి ఏ యంత్రమూ మోగదు.

ఐలయ్య ఉద్యోగమంతా ఆ రోడ్డు మీదే, ఆ పొగ పీలుస్తూ, ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా గడిచింది. ఇప్పుడు మంచం దిగలేడు.

"ఎల్లిపాయ పోపేసిన పప్పు ఒక్కసారి తినాలనుంది బిడ్డా," అన్నాడు కూతురు స్వరూపతో.

స్వరూప యంత్రానికి తడిగుడ్డ చుట్టి, నూనె కాచి, ఎండుమిర్చి, ఎల్లిపాయలు వేసింది. చుయ్యిమనగానే యంత్రం మోగనే మోగింది. అపార్ట్‌మెంట్ సెక్రటరీ పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దమనిషి ఉన్న ఇంట్ల ఇదేం పనమ్మా? పొద్దుగూకేదాక మీకు గాలి రాదు!" అని అరిచి వెళ్లాడు.

గాలి ఆగింది. ఐలయ్యకు దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక స్వరూప పోపేసిన పప్పుతో వేడి ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఇల్లంతా ఘుమఘుమలాడుతోంది. ఆయన నెమ్మదిగా నమిలి, కూతురి ముఖంలోకి చూశాడు.

"పోపెయ్యలేదా బిడ్డా?"

స్వరూప కొంగుతో ఆయన మూతి తుడిచింది.

"రేపేస్త నాయినా," అంది.